ఎర్ర మిరపకాయ ముందు మూడు ఫోన్లు

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు గుంటూరులోని ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాలులో, నగరంలో ముప్పయ్యేళ్లుగా స్టూడియో నడుపుతున్న ఒక ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

ప్రిన్సిపాల్ గారికి, మేడం గార్లకి, పిల్లలందరికీ నమస్కారం. వెనక వరసలో మా మిర్చి యార్డు మిత్రులు ఇద్దరు కూర్చున్నారు. సరుకంతా కోల్డ్ స్టోరేజీల్లో ఉంది కాబట్టి వాళ్లకి ఇవాళ తీరిక దొరికింది. వాళ్లతో నాకు పనుంది, మధ్యలో లేచి వెళ్లిపోవద్దని ముందే చెబుతున్నాను.

ఇవాళ ఆగస్టు 19. 1839లో ఇదే రోజున ఫ్రాన్సులో డగెర్ ఫొటో తీసే పద్ధతిని లోకానికి బయటపెట్టారు. వెండిపూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పట్టేవాళ్లు. ఆ చరిత్ర మాట్లాడదామని రాత్రి కూర్చుని చదువుకుని వచ్చాను. తీరా గేటు దగ్గరే ఒక కుర్రాడు ఆపి, "సార్, ఐఫోన్ కెమెరా బాగుంటుందా, శాంసంగ్‌దా?" అన్నాడు. లోపలికి వచ్చేలోపు ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఒకమ్మాయి మాత్రం గూగుల్ ఫోను గురించి, "పిక్సెల్ సంగతేంటి సార్?" అంది. సరే, డగెర్ గారిని పక్కన పెట్టాను. (నవ్వులు)

ముందు వరస నుంచి మూడు కవర్లు పంపిస్తున్నాను. ఒక్కో దాంట్లో ఒక ప్రింటు ఉంది. వెనక ఏ, బి, సి అని రాశాను. ఒకే మిరప రాశి, ఒకే నిమిషంలో, మూడు ఫోన్లతో తీసింది. మూడూ లక్షకి అటూ ఇటూ ధర ఉన్న ఫోన్లే. ఒకటి మా అబ్బాయిది, ఒకటి స్నేహితుడిది, ఒకటి అద్దెకి తెచ్చింది. చూసి, మీకు నచ్చింది ఏదో మనసులో పెట్టుకుని పక్కవాళ్లకి ఇవ్వండి. మాట్లాడుకోవద్దు. ఏది ఏ ఫోనో ఇప్పుడే కాదు, చివర్లో కూడా చెప్పను. పేరు తెలిసిందంటే ఇక ఎవరూ ఫొటోని చూడరు, పేరునే చూస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్క రోజు ఒక్క ఫోను తీసిన బొమ్మ పట్టుకుని ఆ కంపెనీ మీద తీర్పు చెబితే న్యాయం కాదు. రేపు ఒక అప్‌డేట్ వస్తే అదే ఫోను వేరేగా తీస్తుంది.

అవి తిరిగి వచ్చేలోపు లెక్కల సంగతి గబగబా ముగిస్తాను, ఎందుకంటే షాపులో సేల్స్ కుర్రాడు మీకు అప్పజెప్పేది ఈ లెక్కలే. 2025లో వచ్చిన ఫోన్లే తీసుకుందాం. శాంసంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రాలో మెయిన్ కెమెరా 200 మెగాపిక్సెల్. ఒక మెగాపిక్సెల్ అంటే వెలుతురు పట్టే గళ్లు పది లక్షలు. ఐఫోన్ 17 ప్రోలో 48. పిక్సెల్ 10 ప్రోలో 50. ఇది విన్నవాడు ఏమనుకుంటాడు? 200 అంటే 50కి నాలుగింతలు బాగుంటుందనుకుంటాడు. కానీ మీరు మామూలుగా బటన్ నొక్కితే ఆ 200లో పదహారేసి గళ్లు కలిపి ఒక్క గడిగా చేసి, 12 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. పిక్సెల్ ఫోను నాలుగేసి గళ్లు కలిపి 12 పైచిలుకు ఇస్తుంది. ఐఫోన్ కలిపినదాన్నీ కలపనిదాన్నీ జోడించి 24 ఇస్తుంది. అంటే చివరికి చేతికొచ్చేది 12 నుంచి 24 లోపే. ఆ 12 మెగాపిక్సెళ్లు ఏపాటివంటారా? అంగుళానికి 300 చుక్కల లెక్కన పదమూడు అంగుళాలకి పది అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. మీలో ఎవరైనా అంత ప్రింటు ఈ ఏడాదిలో వేయించారా? చెయ్యెత్తండి. (ఒక చెయ్యి లేచింది) మీరు మా స్టూడియోకే వచ్చారు బాబూ, గుర్తుంది.

ఇంకో మాట, "వన్ ఇంచ్ సెన్సార్". సెన్సార్ అంటే లెన్సు వెనక వెలుతురు పట్టే పలక. షామీ 15 అల్ట్రా లాంటి ఫోన్లకి ఇదే పెద్ద ప్రచారం. స్కేలు పెట్టి కొలిస్తే అది సుమారు 13 మిల్లీమీటర్ల పొడవు, పది లోపు వెడల్పు. మూలమూలకి కొలిచినా 17 మిల్లీమీటర్లు రాదు, అంగుళమంటే 25 పైమాటే కదా. మరి ఆ పేరెక్కడిది? పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులుండేవి. ఆ ట్యూబు బయటి వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పేవాళ్లు. ట్యూబులు పోయాయి, ఆ లెక్క మిగిలిపోయింది. మేం పెళ్లిళ్లకి తెచ్చే ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సార్ 36కి 24 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఈ అంగుళం దానికంటే దాదాపు ఏడింతలు చిన్నది. మిగతా ఫ్లాగ్‌షిప్‌లలో, అంటే కంపెనీల ఖరీదైన పైరకం ఫోన్లలో, చాలావాటికి మెయిన్ సెన్సార్ ఇంకా చిన్నది. కానీ పెద్ద సెన్సార్ అబద్ధమని కాదు నేననేది. చీకట్లో వెలుతురు పట్టడానికి పెద్ద గిన్నె పెద్ద గిన్నే. దానికో ఇబ్బంది కూడా ఉంది, అదెవరూ చెప్పరు. పట్టాదారు పాసుపుస్తకం దగ్గర పెట్టి తీసి చూడండి. మధ్యలో పేరు స్పష్టంగా ఉంటుంది, అంచున సర్వే నంబరు మసకబారుతుంది. సెన్సార్ పెద్దదయ్యేకొద్దీ ఫోకస్ పట్టే లోతు తగ్గుతుంది. కాస్త వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీస్తే సరిపోతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఐఫోన్ సెన్సార్లు తయారుచేసేది సోనీ. ఈ మాట యాపిల్ అధిపతి టిమ్ కుక్ 2022లో జపాన్ వెళ్లినప్పుడు బాహాటంగానే చెప్పారు. వేరే కంపెనీల ఫోన్లలో కూడా సోనీ సెన్సార్లు చాలా ఉన్నాయి. ఒకే కొట్లో మిరపకాయలు కొన్న మూడిళ్లలో మూడు రకాల పచ్చళ్లు ఎందుకవుతాయి? ఒకావిడ ఉప్పు ముందేస్తుంది, ఒకావిడ చింతపండు తగ్గిస్తుంది, ఒకావిడ రోట్లో నూరుతుంది. ఫోను కెమెరా అంతే. కాయ ఒకటే, వంట వేరు. మీరు బటన్ నొక్కాక, ఒక్కోసారి నొక్కకముందు నుంచే, ఫోను వరసగా ఫ్రేములు పట్టుకుని, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎక్కడ వెలుతురు పెంచాలి, ఏ రంగు ఎంత ఉండాలి, ఏ గీత పదునుగా ఉండాలి అని తనే నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిని ఊరూవాడా తెలిసేలా చేసింది గూగుల్. 2016లో వచ్చిన మొదటి పిక్సెల్‌లో ఫొటోలన్నీ ఇలా పేర్చినవే. 2018లో నైట్ సైట్ తెచ్చాక, చీకట్లో ఫోను ఫొటో తియ్యగలదని జనం నమ్మారు. ఆ మరుసటి ఏడాది ఐఫోన్ 11లో నైట్ మోడ్ వచ్చింది. ఇప్పుడు అందరూ పేర్చేవాళ్లే. అందుకని నన్ను ఏ కెమెరా బాగుందని అడగకండి, ఎవరి వంట మీ నోటికి పడుతుందని అడగండి.

కవర్లు వెనక వరసకి చేరాయా? చేరాయి. 'ఏ' ప్రింటు నచ్చినవాళ్లు చేతులెత్తండి. ఓహో, సగం హాలు ఉంది. బి? పాతిక మంది ఉంటారు. సి? నలుగురు... ఆరుగురు. అందులో మా యార్డు మిత్రులు ఇద్దరూ ఉన్నారు! నేను వాళ్లకేమీ చెప్పలేదండీ, ఒట్టు. ఏమండీ, సి ఎందుకు నచ్చింది?

(వెనక నుంచి: "దాంట్లోనే తాలు కనపడుతోందండీ.")

విన్నారా! తాలు అంటే తెలియని పట్నం పిల్లల కోసం చెబుతాను. రంగు పోయి, తెల్లగానో పసుపు మచ్చలతోనో ఉండే నాసి కాయని తాలు అంటారు. దాని ధర వేరు, మంచి కాయ ధర వేరు. ఇప్పుడు 'ఏ' ప్రింటు మళ్లీ తీసుకుని చూడండి. కళ్లు చెదిరే ఎరుపు. రాశి మొత్తం నిప్పులు పోసినట్టుంది. కానీ ఒక్క కాయని పట్టుకుని చూడండి, కాయ మీద ముడత ఉందా? లేదు. ఒక కాయ ఎక్కడ ఆగి ఇంకో కాయ ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. ఎరుపు ముద్ద కట్టింది. బిలో ముడతలు ఉన్నాయి, కానీ గీతలన్నీ కత్తితో గీసినట్టు మరీ పదునుగా ఉన్నాయి. తొడిమ చుట్టూ సన్నటి తెల్ల గీత కూడా వచ్చింది. కాయకి అలాంటి గీత ఉండదు, అది సాఫ్ట్‌వేర్ గీసింది. సి చప్పగా ఉంది, ఒప్పుకుంటాను. నీడ పడ్డచోట నల్లగా కూడా ఉంది. కానీ తేజ రకం కాయ సన్నగా మెరవడం, ఎండిన తొడిమ గడ్డిరంగు, కుడి పక్క కింద మూడు తాలు కాయలు, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. మార్చిలో, సరుకు నిండుగా ఉన్నప్పుడు, పొద్దున ఏడున్నరకి యార్డులో నేను నా కళ్లతో చూసింది సిలో ఉంది.

ఎరుపు దగ్గరే ఇలా ఎందుకవుతుందో చెప్పనా? 1976లో కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్‌కి ఒక పేటెంటు వచ్చింది. సెన్సార్‌కి సొంతంగా రంగు తెలియదు, వెలుతురు ఎంత అనేదే తెలుసు. అందుకని ఆయన గడి గడికీ ఒక రంగు గాజు పెట్టారు. సగం గళ్లకి ఆకుపచ్చ, పావు వంతుకి నీలం, పావు వంతుకి ఎరుపు. మనిషి కన్ను ఆకుపచ్చలో వివరాన్ని ఎక్కువగా పడుతుంది కాబట్టి ఆ లెక్క. ఇవాళ్టికీ మీ జేబులో ఉన్న ఫోన్లలో దాదాపు అన్నీ ఆ వాటా ప్రకారమే నడుస్తున్నాయి. అంటే వరిచేను తీస్తే సగం గళ్లు పనిచేస్తాయి, మిరప కల్లం తీస్తే పావు వంతే గట్టిగా పనిచేస్తాయి. గుంటూరు వాళ్లకి అన్యాయం అక్కడే మొదలైంది. (నవ్వులు) దాని మీద ఫోను "ఇదేదో తినే వస్తువు" అని గుర్తుపట్టి, నోరూరించాలని ఎరుపు ఇంకాస్త పెంచిందనుకోండి, ఉన్న కాస్త వివరం కూడా కొట్టుకుపోతుంది.

ఇది కాగితం మీద మాట కాదు. మా స్నేహితుడొకరు కమీషన్ వ్యాపారి. ఒకసారి దూరపు ఊరి కొనుగోలుదారుకి టిక్కీ, అదే మిరప బస్తా, మూతి విప్పి, సరుకు పరిచి, ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. బేరం కుదిరింది. లారీ చేరాక అవతలాయన ఫోను చేసి, "ఫొటోలో లేని తాలు లారీలో ఎట్టా వచ్చిందయ్యా?" అన్నాడు. ఈయన మోసం చెయ్యలేదు. ఫోను తాలుకి కూడా ఎరుపు పూసి పంపింది. రేటు తగ్గించుకోవాల్సి వచ్చింది. అది ఏ కంపెనీ ఫోనో నేను చెప్పను. ఆయన కూడా తర్వాత మార్చింది ఫోన్ని కాదు, సెట్టింగ్‌ని. ఇప్పుడు రంగులు పెంచే మోడ్ ఆపేసి, ఫ్రేములో ఒక మూల తెల్ల కాగితం పెట్టి తీస్తాడు. కాగితం తెల్లగా కనిపిస్తే ఎరుపు కూడా చాలావరకు నమ్మొచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుతాడు, ఎందుకంటే ఫొటోగా పంపితే సైజు చిన్నది చేసి, నలిపి పంపుతుంది. లక్ష రూపాయల కెమెరాతో తీసి, నలిపిన బొమ్మని ఎదుటివాడి పది వేల ఫోన్లో చూపించి, "చూశావా, మా ఫోను ఎంత బాగా తీసిందో" అనేవాళ్లని రోజూ చూస్తుంటాను.

కాయ సంగతి చెప్పాను, ఇక మొహం సంగతి. ఇక్కడ నాకు కాస్త నోరు తడబడుతుంది, ఎందుకంటే దోషం మా దగ్గర కూడా ఉంది. ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ఒక అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవాళ్లు. ఆ అమ్మాయి తెల్లమ్మాయి. ఆమె ఒంటి రంగు కుదిరితే ఫొటో కుదిరినట్టే లెక్క. మన చామనఛాయ మొహాలు దాంట్లో ఎట్టా వస్తాయో చాలాకాలం ఎవరూ చూడలేదు. డిజిటల్ వచ్చాక ఆ కార్డు పోయింది. కానీ కార్డు పని మేం మొదలెట్టాం. పెళ్లికూతురి మొహం ఫొటోషాప్‌లో రెండు గీతలు తెలుపు పెంచకుండా కరిజ్మా ఆల్బమ్ ఇస్తే, "ఏంటి, మా అమ్మాయిని నల్లగా తీశారు" అని గొడవ. నేను కూడా వందల మొహాలు అట్టా తెల్లబరిచాను. అందుకని ఫోన్ల మీద రాయి వేసే ముందు నా చేతులు చూసుకుంటాను.

2021లో పిక్సెల్ 6తో గూగుల్ రియల్ టోన్ అని తెచ్చింది. రకరకాల ఒంటి రంగుల వాళ్ల ఫొటోలు చూపించి, మొహం ఉన్న రంగులో రావాలని ఫోనుకి నేర్పించారు. యాపిల్ అదే ఏడాది ఫొటోగ్రాఫిక్ స్టైల్స్ పెట్టింది, ఐఫోన్ 16 నాటికి ఒంటి ఛాయలో లోపలి పసుపు, గులాబీ ఛాయల్ని కూడా మనమే జరుపుకునేలా చేసింది. వివో వాళ్లు జైస్ అనే లెన్సుల కంపెనీ పేరుతో నేచురల్ కలర్ ఇచ్చారు. షామీలో లైకా అనే కెమెరా కంపెనీ పేరుతో ఆథెంటిక్, వైబ్రెంట్ అని రెండు దారులున్నాయి. చూశారా, కంపెనీలే ఒప్పుకుంటున్నాయి, ఉన్నది ఉన్నట్టు వేరు, నచ్చేట్టు వేరు అని.

మా అమ్మకి ఎనభై దాటాయి. ఒకరోజు పొద్దున్నే వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఈ మూడు ఫోన్లూ తీసుకుని ఆమె చేతుల్ని తీశాను. ఒక ఫోను చేతి మీది ముడతలు సాపు చేసి, నలభై ఏళ్ల మనిషి చేతులు చూపించింది. ఇంకో ఫోను ప్రతి ముడతనీ చెక్కినట్టు చేసి, వందేళ్ల చేతులు చూపించింది. మూడోది ముడతల మధ్య పసుపు మిగిలిపోవడం చూపించింది. గోరు పక్కన, వేలి కణుపు మడతలో, పొద్దున కడుక్కున్నా పోని పసుపు. ఆ ఫొటో ప్రింటు వేసి ఇంట్లో పెట్టాను. ఆ ఫోను ఏది అంటారా? మిరప ప్రింట్లలో 'ఏ' తీసిన ఫోనే! సగం హాలు మెచ్చింది కదా, అదే. మెత్తటి వెలుతురు, దగ్గర వస్తువు, ఎరుపు లేదు, దాని వంట అక్కడ కుదిరింది. సి తీసిన ఫోను అమ్మ చేతుల్ని మట్టిరంగులో చూపించింది. అందుకే ఒక్క బొమ్మతో తీర్పు వద్దంటున్నాను.

పెళ్లిళ్ల సంగతి చెప్పకపోతే మా వృత్తికి అన్యాయం చేసినవాణ్ని అవుతాను. రాత్రి రెండు గంటల ముహూర్తం. తలంబ్రాల ఘట్టం. మేం ముగ్గురం కెమెరాలతో సిద్ధంగా ఉంటాం, మా ముందు ముప్పై ఫోన్లు లేస్తాయి. (నవ్వులు) పసుపు కలిపిన బియ్యం గాలిలో ఉంది. గింజ గాలిలో ఆగినట్టు రావాలంటే షట్టరు సెకనులో ఐదొందలో వంతుకే మూసుకోవాలి. ఫోను అంత చిన్న లెన్సుతో ఆ హాలు వెలుతురులో మామూలుగా అంత వేగం పెట్టదు. నిదానంగా తీసి, ఫ్రేములు పేరుస్తుంది. అప్పుడు మూడు రకాలుగా అవుతుంది. ఒక ఫోనులో గింజలు తెల్లటి సూదుల్లా సాగుతాయి. ఒక ఫోను వేగం పెంచుతుంది కానీ పెళ్లికొడుకు పంచె అంతా ఇసుక చల్లినట్టవుతుంది. ఇంకో ఫోను, ఇది చూసి నేను నిజంగానే నోరెళ్లబెట్టాను, కదిలే గింజల్ని ఏదో మచ్చ అనుకుని సగం చెరిపేసింది! తలంబ్రాలు పడని పెళ్లి. మా అసిస్టెంటు కుర్రాడు దాన్ని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

దీంట్లోనే ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే చౌకరకం ఎల్‌ఈడీ లైటు సెకనుకి వంద సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టరు వందో వంతో, యాభయ్యో వంతో ఉంటే చారలు రావు. అంతకంటే వేగంగా పెడితే స్టేజీ వెనక గోడంతా నల్ల చారలు. గింజ ఆగాలంటే ఐదొందలో వంతు కావాలి, చార రాకుండా ఉండాలంటే వందో వంతు కావాలి. ఈ రెండూ ఒకేసారి ఏ ఫ్లాగ్‌షిప్పూ ఇవ్వలేదు, అందుకే మేం మా లైట్లు మేం మోసుకొస్తాం. వీడియోకి మాత్రం ఒక ఉపాయం ఉంది. ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి. హాలు లైట్లు మిణుకుమంటుంటే 25కి మార్చండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో వీడియో రికార్డింగు కింద పాల్ (PAL) ఫార్మాట్లు చూపించమనేది ఒకటుంటుంది, అది ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. వీడియోలో ఐఫోన్ నిలకడ గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. ఒక లెన్సు నుంచి ఇంకో లెన్సుకి మారేటప్పుడు రంగు గెంతకుండా ఉండటంలో నాకు అది నచ్చింది.

జూమ్. ఈ మాట వినగానే మీ మొహాలు వెలిగాయి. వంద రెట్లు అని మొదట ఊరించింది 2020లో వచ్చిన గెలాక్సీ ఎస్20 అల్ట్రా. ఫోను మందం పెంచకుండా దూరపు లెన్సు పెట్టడానికి లోపల ఒక పట్టకం పెట్టి వెలుతుర్ని అడ్డంగా మళ్లిస్తారు. ఎస్25 అల్ట్రాలో, పిక్సెల్ 10 ప్రోలో నిజమైన లెన్సు ఐదు రెట్ల దాకా వెళ్తుంది. ఐఫోన్ 17 ప్రోలో నాలుగు రెట్లు. వివో ఎక్స్200 ప్రోలో 3.7 రెట్లే కానీ దాని వెనక 200 మెగాపిక్సెళ్ల సెన్సార్ ఉంది కాబట్టి అక్కడి నుంచి కోసుకుంటూ పోవచ్చు. అది దాటాక మిగిలేది కోత, దాని మీద ఊహ.

ఊహ అని ఎందుకంటున్నానంటే, 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మని కావాలనే మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి గదిలోంచి శాంసంగ్ ఫోనుతో తీశాడు. తెర మీద లేని గుంటలు ఫొటోలో వచ్చాయి. తర్వాత శాంసంగ్ వాళ్లే వివరణ ఇచ్చారు, తమ ఫోను చంద్రుణ్ని గుర్తుపట్టి వివరాలకి మెరుగుపెడుతుందని. ఇప్పుడు పిక్సెల్ 10 ప్రో ముప్పై రెట్లు దాటాక బొమ్మ పూరించడానికి జనరేటివ్ ఏఐ, అంటే లేని వివరాన్ని ఊహించి గీసే సాఫ్ట్‌వేర్, వాడుతుంది. ఆ మాట గూగుల్ దాచలేదు. ఫొటో ఎలా తయారైందో చెప్పే ముద్ర కూడా ఫైల్లోనే వేస్తోంది. దాచనందుకు మెచ్చుకోవాల్సిందే.

మొన్న జనవరిలో ఉప్పలపాడు వెళ్లాను. మన పక్కనే ఉన్న పక్షుల కేంద్రం, వెళ్లనివాళ్లు సిగ్గుపడండి. చెట్ల మీద గూడబాతులు, తోక దగ్గర గులాబీరంగు ఈకలుండే పెయింటెడ్ స్టార్క్ కొంగలు. ఐదు రెట్లలో మూడు ఫోన్లూ చక్కగా తీశాయి, నిజంగా చక్కగా. పది రెట్లలో తేడా మొదలైంది. యాభై దాటాక ఒక ఫోను నీళ్లరంగుల బొమ్మ ఇచ్చింది, ఇంకోటి ఈకలన్నీ దువ్వినట్టు ఇచ్చింది. ఆ రెండోదాన్ని చూసి మా అబ్బాయి "అబ్బా" అన్నాడు. నా బ్యాగులో 600 మిల్లీమీటర్ల లెన్సుంది, దాంతో అదే కొంగని తీసి పక్కన పెట్టాను. రెక్క అంచున ఒక ఈక విరిగి వేలాడుతోంది. ఫోను బొమ్మలో ఆ రెక్క నిండుగా ఉంది. ఈక ఉండాల్సిన చోట ఈక ఉంది, కానీ అది ఆ కొంగది కాదు.

మేడం గారు వాచీ చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: "యూట్యూబ్‌లో బ్లైండ్ టెస్టులు చేస్తారు కదా సార్, అవి నమ్మొచ్చా?")

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇవాళ మనం చేసింది కూడా అదే. 2022 చివర్లో మార్కెస్ బ్రౌన్లీ అనే యూట్యూబర్ పేర్లు దాచి జనం చేత ఓట్లు వేయించాడు. మొత్తం మీద గెలిచింది పిక్సెల్ 6ఏ, అది ఫ్లాగ్‌షిప్ కూడా కాదు, మధ్యరకం ఫోను. ఇక్కడ 'ఏ' ప్రింటుకి సగం హాలు ఎందుకు ఓటేసింది? పక్కపక్కన పెడితే కన్ను వెలుతురున్న బొమ్మ మీదకే పోతుంది. ఆ ఓట్లు చెప్పేది ఏది ముందు నచ్చుతుందనేది మాత్రమే. పది రోజులు గోడకి పెట్టుకుని చూస్తే ఏది నచ్చుతుందో చెప్పవు.

(ఒక విద్యార్థిని: "మా దగ్గర అంత డబ్బు లేదు సార్. రెండేళ్ల కిందటి ఫ్లాగ్‌షిప్ కొనుక్కోవచ్చా?")

నిక్షేపంగా కొనుక్కో అమ్మా. 2024లో వచ్చిన ఎస్24 అల్ట్రాకీ మరుసటి ఏడాది ఎస్25 అల్ట్రాకీ కెమెరాలో పెద్ద మార్పు అల్ట్రావైడ్ లెన్సు దగ్గరే, అది 12 నుంచి 50 మెగాపిక్సెళ్లయింది. మిగతావి దాదాపు అవే. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు షాపు లైటు కింద తీసి చూడకు. బయటికి తీసుకెళ్లి, ఎండకి ఎదురుగా పట్టి తీయి. లెన్సు మీద గీత ఉంటే వెలుతురు చెదిరి తెలిసిపోతుంది. ఆ తర్వాత నీ చున్నీ కొసతో లెన్సు తుడిచి మళ్లీ తీయి. నా దగ్గరికి కెమెరా పాడైందని తెచ్చేవాటిల్లో సగానికి జబ్బు కొబ్బరినూనె వేలిముద్రే. (నవ్వులు)

(వెనక నుంచి: "మీ జేబులో ఏ ఫోనుంది?")

ఇదిగో, చూడండి. నాలుగేళ్లది. అంచు పగిలింది. మా అబ్బాయి కొత్తది కొన్నాక నాకు దిగింది. పెళ్లికి ముందు హాలు చూసి రావడానికి, లైట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడానికి ఇది చాలు.

(ఒక విద్యార్థిని: "మా నాయనమ్మ ఫొటో పెద్దది చేయించాలి సార్. నా ఫోన్లో తీసింది వాట్సాప్‌లో ఉంది. వస్తుందా?")

వాట్సాప్‌లో ఉన్నది పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా వస్తుందమ్మా. అసలు ఫొటో నీ ఫోన్ గ్యాలరీలో ఉందేమో చూడు. లేకపోతే ఆవిడ ఊళ్లో ఉన్నారా? ఉన్నారు కదా, ఇంకేం. ఈ ఆదివారం వెళ్లు. పొద్దున ఎనిమిది లోపు, గుమ్మం దగ్గర, మొహం బయటి వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టు. బ్యూటీ మోడ్ ఆపేయి. రెండు రెట్ల జూమ్ పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి తీయి. నవ్వమని చెప్పకు, ఏదో ఒకటి అడుగు, ఆవిడ జవాబు చెబుతుండగా నొక్కు. డాక్యుమెంట్‌గా నాకు పంపు. 12కి 18 ప్రింటు వేసి ఉంచుతాను, సోమవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు.